అవ్వ పక్క సీటు

మాది విజయవాడ. వృద్ధుల యాత్రకు గైడుగా నాకది మొదటి రోజు. నిజామాబాద్‌లో ఇరవై ఐదుగురు బస్సెక్కారు. బోధన్ దగ్గర టీ తాగి మళ్ళీ ఎక్కాక, ముందు నిలబడి తలలు లెక్కపెట్టాను. ఇరవై నాలుగే. మూడుసార్లూ అంతే. రోడ్డు నిండా చెరుకు ట్రాక్టర్లు. ఎవరు ఏ చక్రం కింద పడ్డారోనని కిటికీలోంచి రోడ్డంతా వెతికాను.

సీట్లన్నీ చూసుకుంటూ చివరికి వెళితే, బీడీలు చుట్టే లక్ష్మవ్వ తల వంచి ముందు సీటు వెనక దాక్కుని ఉంది.

"ఎందుకవ్వా?"

"బీడీలనైతే రోజు లెక్కవెడ్త. మనుషుల లెక్కవెడ్తరా బిడ్డా? మా అత్త నా పిల్లల లెక్కవెట్టింది. పెద్దోడు దక్కలే."

"మరి అందరూ ఎక్కారని నాకెలా తెలుస్తుంది?"

"ఎవల పక్కన ఎవలు లేరో అడుగు. వాళ్ళే చెప్తరు."

అడిగాను. అవ్వ పక్క సీటు ఒక్కటే ఖాళీ, అదీ నిజామాబాద్ నుంచే. అక్కడే కూర్చున్నాను. మళ్ళీ లెక్కపెట్టాలంటే నాకే భయమేసింది.