బంతి లేని చోట దెబ్బలు

2015 సెప్టెంబరులో డబ్లిన్‌లోని ఒక విశ్వవిద్యాలయపు క్రీడా విభాగంలో క్లెరికల్ ఆఫీసరుగా చేరాను. ఆ విభాగంలో అంతకన్నా కింది హోదా లేదు. మైదానాలు కేటాయించడం, బస్సులు మాట్లాడటం, గాయపడిన విద్యార్థుల బీమా కాగితాలు పంపడం నా పని. మా ఆయన డ్రోహెడా ఆసుపత్రిలో నర్సు. నేను అంతకుముందు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఒక మందుల గిడ్డంగిలో స్టాకు చూసేదాన్ని. గణితం చదవలేదు. చిన్నప్పుడు మా నాన్న పక్కన కూర్చుని రేడియో కామెంటరీ వింటూ క్రికెట్ స్కోరు రాయడంతో అంకెలు అలవాటయ్యాయి. మిగతాది గిడ్డంగి నేర్పింది.

చేరిన కొద్ది రోజులకే పై అధికారి ఇంకో పని అంటగట్టాడు. మా విద్యార్థులకు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఒకటి ఉంది. సొంత మైదానంలో మ్యాచ్ జరిగితే ప్రతి ఎత్తుగడకూ ఎవరు బంతి పట్టారు, ఎన్ని గజాలు వెళ్లారు అన్నది ఒక పత్రంలో రాసి, సోమవారం మధ్యాహ్నంలోగా లీగుకు పంపాలి. ఆ పని చేయడానికి విద్యార్థులెవరూ ముందుకు రాలేదు. అలా వర్షంలో గొడుగు కింద ఆ ఆట నేర్చుకున్నాను.

ఆ ఆట తెలియనివారికి రెండు ముక్కలు. జట్టుకు పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్తే బంతి మీ దగ్గరే ఉంటుంది. బంతిని గాల్లో విసిరి పంపవచ్చు, లేదా పట్టుకుని పరుగెత్తవచ్చు. ప్రతి ఎత్తుగడా క్వార్టర్‌బ్యాక్ అనే ఒక్క ఆటగాడి చేతిలో మొదలవుతుంది.

మా కోచ్ డెక్లాన్ విసరడాన్ని నమ్మేవాడు కాదు. అతనిది కాజిల్‌బార్ ఊరు, వృత్తి ఎలక్ట్రీషియన్. వయసులో ఉండగా అమెరికాలో భవన నిర్మాణ పనికి వెళ్లి, అక్కడ ఒక చిన్న కాలేజీ జట్టు దగ్గర ఆప్షన్ పద్ధతి నేర్చుకొచ్చాడు. ఒకప్పుడు అమెరికా కాలేజీల్లో పెద్ద జట్లన్నీ దానితోనే గెలిచేవట. పద్ధతి ఇలా ఉంటుంది. ఎదుటి జట్టు వరుసలో చివర నిలిచే డిఫెండరును ఎవరూ అడ్డుకోరు, కావాలనే వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ అతని మీదికే పరుగెత్తి, అతను ఎటు మొగ్గుతాడో చూస్తాడు. మన జట్టులో నడిమి నుంచి పరుగెత్తేవాడి మీదికి అతను వెళ్తే, క్వార్టర్‌బ్యాక్ బంతి తన దగ్గరే ఉంచుకుంటాడు. తన మీదికి వస్తే పక్కన పరుగెత్తేవాడికి అందేలా వదిలేస్తాడు. ఒక మనిషిని అడ్డుకునే పని తప్పింది కాబట్టి మన జట్టులో ఒకడు మిగులుతాడు, ఇంకో చోట అడ్డం నిలుస్తాడు. డెక్లాన్ దీన్ని బల్ల మీద టీ కప్పులు పేర్చి నాకు చూపించాడు. పదకొండు మందికి పదకొండు మంది ఎదురైన చోట పన్నెండో మనిషి ఉచితంగా దొరుకుతున్నాడు. లెక్క నాకు నచ్చింది.

దీనికి కావలసిన క్వార్టర్‌బ్యాక్ మా దగ్గర ఉన్నాడు. పేరు రమణ, శ్రీకాకుళం జిల్లా కుర్రాడు. రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేయడానికి వచ్చాడు. జట్టులో రే అనేవారు. బంతి విసరడం రాదు, రావాలనీ లేదు. కానీ ఊళ్లో జిల్లా స్థాయి కబడ్డీ ఆడాడు.

“కూతకెళ్లినప్పుడు ఎవడి మోకాలు ముందు కదుల్తాదో చూస్తాం ఆంటీ. ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ ఊపిరి తీసుకోనిస్తారు” అన్నాడు ఒకసారి.

రెండు సీజన్లు మాకు ఎదురు లేదు. బురద మైదానం, ఎదురు గాలి, బంతి విసిరే జట్లకు చేతులు కొంకర్లు పోయేవి. మావాళ్లు నేల మీదే నాలుగేసి గజాలు తవ్వుకుంటూ పోయేవారు. పత్రంలో నేను రాసిన అంకెలు చూస్తే అనుమానించడానికి ఏమీ ఉండేది కాదు.

మూడో ఏడు గెలుపులు తగ్గాయి, కానీ పోలేదు. ఎక్కువగా తగ్గినది చేరేవాళ్ల సంఖ్య. కొత్త విద్యార్థులు ఏడాది మొదట్లో క్లబ్బులు సభ్యుల్ని చేర్చుకునే బల్లల దగ్గరికొచ్చి, ఈ జట్టులో బంతి పట్టుకునే అవకాశం ఉంటుందా అని అడిగి, జవాబు విని పక్క బల్లకు వెళ్లిపోయేవారు. అమెరికాలోనూ ఇలాగే జరిగిందని డెక్లానే చెప్పాడు. వృత్తి ఆటలో విసిరేవాళ్లకూ పట్టేవాళ్లకూ గిరాకీ పెరిగాక మంచి కుర్రాళ్లు ఆప్షన్ కాలేజీల వైపు చూడటం మానేశారు. చివరికి దాన్ని అంటిపెట్టుకున్నవాళ్లలో సైనిక అకాడమీలే ముఖ్యం. అక్కడ చెప్పిన పని చేసేవాళ్లు దొరుకుతారు కనుక.

క్లబ్బు విద్యార్థులది. కోచ్‌ను ఏటా వసంతంలో సర్వసభ్య సమావేశమే నియమిస్తుంది. ఆ ఏడు పద్ధతి మార్చాలని తీర్మానం పెట్టారు. డెక్లాన్ నా దగ్గరికొచ్చి మూడేళ్ల అంకెలన్నీ ఒక చోట చేర్చి సమావేశంలో చదవమన్నాడు. ఆ అంకెలు వింటే ఎవరూ కాదనలేరని అతని ధైర్యం.

అదే వారం రమణ బీమా కాగితం కోసం వచ్చాడు. కుడి మణికట్టుకు పట్టీ ఉంది. ఫ్యామిలీ డాక్టరు ఎక్స్‌రేకు పంపాడట, చిన్న ఎముక విరిగిందట. ఎప్పుడు తగిలిందని కాగితంలో గడి ఉంది. ఏ మ్యాచో తెలియదన్నాడు. నేను మ్యాచ్ పత్రాలు తీసి వెతికాను. నా బల్ల మీదికి వంగి అతనూ చూశాడు.

“బంతి నా చేతిలో లేనప్పుడు తగిలినవి ఎక్కడ రాస్తారు ఆంటీ?”

వాటికి గడి లేదన్నాను. బంతి ఎవరి దగ్గర ఆగితే అక్కడే ఎత్తుగడ ముగిసినట్టు రాస్తాం.

“మరి నేను వదిలేసాక నన్ను పడేసినవన్నీ ఏటి, గాల్లో కలిసిపోనాయా?” అని నవ్వాడు. ఎడమ చేత్తో సంతకం పెట్టి ల్యాబుకు వెళ్లిపోయాడు.

క్లబ్బు ప్రతి మ్యాచ్‌నూ నిచ్చెన మీద నుంచి వీడియో తీసేది. ఆ వీడియోలన్నీ మొదటినుంచి చూశాను. బంతితో ఉండగా రమణకు తగిలిన దెబ్బలు ఒక వరుసలో, బంతి వదిలాక తగిలినవి ఇంకో వరుసలో రాసుకున్నాను. రెండోది మొదటిదానికి దాదాపు రెండింతలైంది. అప్పుడు నాకు టీ కప్పుల లెక్క అర్థమైంది. ఆ చివరి డిఫెండరును ఎవరూ అడ్డుకోవడం లేదన్నది నిజం కాదు. రమణ ఒళ్లు అడ్డుకుంటోంది. పన్నెండో మనిషి ఎక్కడా లేడు. ఉన్న పదకొండు మందిలో ఒకడికి రెండు పనులు పడుతున్నాయి, రెండో పని పత్రంలోకి రావడం లేదు.

సమావేశానికి ముందు మైదానం గట్టున డెక్లాన్‌కు ఆ వరుస చూపించాను. అతను ఆశ్చర్యపోలేదు.

“ఆట పనిచేస్తోందనడానికి అదే గుర్తు, మేరీ. ఆ డిఫెండరు రేను కొడుతున్నాడంటే బంతి ఉన్నవాణ్ణి కొట్టడం లేదు.”

అతను కఠినుడు కాదు. రమణ మణికట్టుకు పట్టీ తనే కట్టేవాడు, వర్షమొస్తే తన వ్యానులో ఇంటి దగ్గర దించేవాడు. ఆ ఒక్క వరుసా చదవవద్దని అడిగాడు. చదివితే అన్నీ చదువుతాను, లేకపోతే ఏదీ చదవనన్నాను. అయితే అన్నీ చదవమన్నాడు.

చదివాను. గజాలు చదువుతున్నప్పుడు కొందరు బల్లలు చరిచారు. చివరి వరుస చదివాక మొదటి ఏడాది కుర్రాడు ఒషీన్ లేచి, తను ఏడాదంతా ముట్టుకున్న బంతి ఒక్కటే, అదీ వార్మప్‌లో అన్నాడు. అందరూ నవ్వారు. డెక్లాన్ కూడా నవ్వాడు. తర్వాత రమణ లేచి, తీర్మానానికి అనుకూలంగా ఓటేస్తున్నానని చెప్పాడు.

డెక్లాన్ నవ్వు ఆగిపోయింది. “విసిరే జట్టులో నీకు చోటుండదు, రే.”

“తెలుసు కోచ్. మీరు ఏ గోడను గుద్దమంటే ఆ గోడను గుద్దాను. నాకు ఈ చేత్తో ల్యాబులో పనుంది.”

ఆ తర్వాత లేచిన చేతులను లెక్కపెట్టాల్సిన అవసరం రాలేదు. డెక్లాన్ సామాన్ల షెడ్డు తాళం బల్ల మీద పెట్టి, గ్రాండ్ అన్నాడు. ఇక్కడివాళ్లు బాగుందన్నా అదే మాట, ఇక చెప్పేదేమీ లేదన్నా అదే మాట. మళ్లీ ఏ జట్టుకూ కోచ్‌గా వెళ్లలేదని విన్నాను.

మరుసటి ఏడు కొత్త కోచ్ వచ్చాడు. జట్టు బంతి విసరడం మొదలుపెట్టింది, వరసగా ఓడింది. చేరేవాళ్లు మాత్రం అంతకుముందు ఎన్నడూ లేనంతగా పెరిగారు. నా పత్రంలోని అంకెలతో ఆ రద్దీకి ఏ సంబంధమూ లేదు. రమణ రెండు సాధనలకు వచ్చి మానేశాడు.

అతని ఎముక అతుక్కోలేదు. శస్త్రచికిత్సకు వరుసలో చాలాకాలం ఆగాల్సి వచ్చింది. అప్పటికి ప్రయోగాలు వెనకబడ్డాయి, స్టైపెండు గడువు ముగిసింది. పీహెచ్‌డీ వదులుకుని, మాస్టర్స్ పట్టా తీసుకుని వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఆఫీసుకు వచ్చాడు. ఆ దెబ్బలు మొదటి ఏడాదే రాసి ఉండాల్సిందేమో అన్నాను.

“రాస్తే ఏటవుతాది ఆంటీ? మీరు రాసినా నేను ఆడేవోణ్ణే. గెలుస్తన్నాం కదా.”

ఓదార్చడానికి చెప్పలేదు. అలాగే జరిగేదని నేనూ అనుకుంటున్నాను.

పత్రంలో ఆ గడి చేర్చమని లీగుకు రాశాను. పత్రం ఇప్పటికే పొడవుగా ఉందని జవాబొచ్చింది. విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు కూడా బంతి వదిలాక దెబ్బలు తగులుతాయి. నిరుడు ముందస్తు పదవీ విరమణ తీసుకునేదాకా వాటిని విడిగా లెక్కపెడుతూనే ఉన్నాను. అడిగినవాళ్లు లేరు.

నేను నేర్చుకున్నది ఇంతే. ఏ పద్ధతిలోనైనా ఒక మనిషి ఉచితంగా మిగిలాడని తేలితే, ఆ లెక్క ఇంకా పూర్తి కాలేదని అర్థం. పూర్తిచేసినంత మాత్రాన ఎవరికైనా మేలు జరుగుతుందని కాదు.