నిమ్మచెట్టుకు అవ్వ కట్టిన ముడుపు

మా చిన్నప్పుడు... చంద్రగిరిలో మా పెరట్లో ఒక నిమ్మచెట్టు ఉండేది. కాయలకు పలచటి తోలు, పిండితే ధారగా రసం. అవ్వ కొత్తకోడలిగా వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చి నాటుకున్న చెట్టు.

ఒక ఏడు చిన్నాయన పెరట్లో గది కడతానన్నాడు. వానలు తగ్గగానే చెట్టు కొట్టేయాలట. అవ్వ ఎదురు చెప్పలేదు... అన్నం మాత్రం సరిగ్గా తినడం మానేసింది.

నాకు ఒళ్లు మండింది. అప్పట్లో కరపత్రం దొరికితే చాలు, చదివేసి ఇంట్లో అందరికీ ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. రైతుల మేళాలో పంచిన ఒక దాంట్లో గాలి అంటు గురించి ఉంది. కొమ్మకు ఒకచోట చుట్టూ బెరడు ఒలిచి, తడిమట్టి, కొబ్బరిపీచు పెట్టి బిగించి కడితే అక్కడే వేర్లొస్తాయి. కోసి నాటుకుంటే అదే చెట్టు, అదే కాయ.

కట్టాను. మట్టి జారకుండా చుట్టడానికి పాత ఎర్రరవికె గుడ్డ దొరికింది. బిగించడానికి నల్లదారం. నెల రోజులు ఆకుల చాటున అది ఎవరి కంటా పడలేదు.

నిమ్మచెట్టు... ఎర్రగుడ్డ... నల్లదారం. ఇంకేముంది!

"ఓ వదినా! మీ సెట్టుకు ఎవురో ఏందో సేయించినారు, సూడు!" అని పక్కింటి రాజమ్మత్త గోడ మీంచి మా అమ్మకు కేకేసిందట. నేను బడి నుంచి వచ్చేసరికి మూటను కర్రతో పీకి, మూడుదోవల కాడ పారేసి, చెట్టుకు పసుపునీళ్లు కూడా పోసేశారు.

"అది అంటు అత్తా, చేతబడి కాదు!"

"నీకు కాయితాలే తెల్సు. పో, పొయ్యి సదువుకో పో."

పరుగెత్తి వెతికాను. మట్టిలో అప్పుడే తెల్లటి వేర్లు... ఎండకు మాడిపోయి ఉన్నాయి.

మళ్లీ కట్టాను. ఈసారి అమ్మే పీకేసింది, "ఎందుకొచ్చిన రచ్చ నాయనా" అంటూ. వీధిలో నిలబడి కరపత్రం గట్టిగా చదివాను. నవ్వారు!

అప్పుడు అవ్వ లేచింది. నాతో ఇంకో కొమ్మకు అంటు కట్టించి, దాని మీద పసుపుగుడ్డ చుట్టి, కుంకుమ బొట్టు పెట్టింది.

"ఏంది పెద్దమ్మా ఇది?" అంది రాజమ్మత్త.

"ముడుపు."

అంతే. అత్త చెంపలేసుకుంది. ఎవరూ ముట్టలేదు. చిన్నాయన కూడా, "ముడుపు తీరినాకే కొడతాంలే" అన్నాడు.

నాకు అందరికంటే అవ్వ మీదే ఎక్కువ కోపం వచ్చింది. "అబద్ధమెందుకు ఆడినావు?"

"నిజం నువ్వు సెప్తివి గదప్పా... ఎవురన్నా ఇనిరా?"

వేర్లు నిండాక అవ్వే కొడవలితో ఆ కొమ్మ కోసింది. రాజమ్మత్త ఆత్రంగా వచ్చింది. "ఏం మొక్కుకున్యావు పెద్దమ్మా?"

"సెట్టుకు బిడ్డ కావాలని."

అత్త నవ్వలేదు. ఇంట్లోకి పోయి పసుపు తెచ్చి, పురిటిబిడ్డకు పూసినట్టు ఆ మొక్క మొదట్లో పూసింది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది నాకు!

పెద్దచెట్టు పోయింది. బిడ్డ మాత్రం మా వాకిట్లో ఇప్పటికీ కాస్తోంది.

ఈరోజు మా వీధిలో చేతబడి అంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. మంచిదే, నేను కోరుకున్నదే... కానీ పెరళ్లన్నిటా బండలు పరిచేశారు. నిమ్మకాయ కావాలంటే ఫోన్లో తెప్పించుకుంటున్నారు. భయం పోయిందని సంతోషించాలో, చెట్టుకు బొట్టు పెట్టే చెయ్యి కూడా దాంతోపాటే పోయిందని తిట్టుకోవాలో తెలియడం లేదు...

మీ ఇళ్లలోనూ మీ మాట నిలబెట్టడానికి ఇలా అబద్ధమాడిన అవ్వలున్నారా? చెప్పండి... నా కోపానికి కాస్త తోడు దొరుకుతుంది.