నైరుతి మూల బోల్టులు

నాచారంలో ఒక మసాలా పొడుల ఫ్యాక్టరీ. మిరపకాయల బస్తాలను కింది నుంచి ఎత్తి, క్రేనులా తన చెయ్యి లోపలికి తిప్పి, పై అంతస్తు శ్లాబు మీద దించే ఉక్కు స్తంభం కావాలన్నారు. దాన్ని నాలుగు బోల్టులతో ఆ శ్లాబు కాంక్రీటులోనే బిగించాలి. ఉప్పల్‌లో నేను పనిచేసే డిజైన్ ఆఫీసుకు ఆ పని వచ్చింది.

స్తంభం నైరుతి మూలకే ఉండాలన్నాడు యజమాని. వాస్తు పండితుడు అంచుకు నాలుగు వేళ్ళ దూరంలో సుద్దతో గీత కూడా గీసి వెళ్ళాడట. పంతుళ్ళు గీత గీస్తే ఇంజనీర్లు లెక్క సరిపెట్టాలి.

బస్తా లోపలికి తిరిగినప్పుడు అంచు వైపు బోల్టులు పైకి లాగబడతాయి. ఉక్కు తెగదు, దాని చుట్టూ ఉన్న కాంక్రీటు గరాటులా పెళ్ళగిలి వస్తుంది. మూలన రెండు వైపులా కాంక్రీటే లేనప్పుడు పట్టుకునేది సగం కూడా ఉండదు. ఇదే చెప్పాను.

"దొడ్డు బోల్టులు ఎయ్యిన్రి మేడం. గింత దానికి గంత లెక్కేంది?" అన్నాడు యజమాని.

ఆయన తెలియనివాడు. ఆఫీసు నడిపే మా సార్‌కు తెలుసు. "క్లయింటు ముచ్చటపడుతున్నాడమ్మా. చూసీచూడనట్టు పోవాలి," అన్నారు టీ చప్పరిస్తూ. గోడ మీద ఆయన సర్టిఫికెట్లు ఫ్రేములు కట్టి ఉన్నాయి.

నేనూ డ్రాయింగు మీద సంతకం పెట్టాను. చిల్కానగర్‌లో మా ఇంటికి నడుస్తూ దారంతా సార్‌ను తిట్టుకున్నాను. ఇంటికి చేరాక అసహ్యం నా మీదికి తిరిగింది. తెలిసీ సంతకం పెట్టినదాన్ని నేనే కదా.

స్తంభం నిలబెట్టిన రోజు ఎవరూ పిలవకుండానే వెళ్ళాను. బోల్టులు బిగించిన ఫిట్టర్ పెద్దాయన. బస్తాలకు ముందు నీళ్ళ డ్రమ్ము ఎత్తి చూద్దామని, కింద ఎవరినీ ఉండనివ్వొద్దని ఆయన్ను అడిగాను.

"రంధ్రం ఏసేటప్పుడే అనుకున్న మేడం, అంచుకు మస్తు దగ్గరైందని. మమ్మల్ని అడిగేటోడెవడు?" అన్నాడు. కింద చుట్టూ అడ్డంగా తాడు కట్టి, మనుషులను తనే పక్కకు పంపాడు.

డ్రమ్ము తేలిగ్గా లేచింది. యజమాని నన్ను చూసి నవ్వాడు. దూరం నుంచి తాడుతో స్తంభం చేతిని లోపలికి లాగారు. చప్పుడు పెద్దగా రాలేదు. మూల బెల్లం దిమ్మ విరిగినట్టు విరిగి, కింద ఖాళీ సిమెంటు నేల మీద పడింది. స్తంభం లోపలికి ఒరిగింది, డ్రమ్ము శ్లాబు మీద బోర్లాపడి నీళ్ళన్నీ పారాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"దిష్టి పోయింది," అన్నాడు యజమాని. ఫోనులో మా సార్ ఆయనతో, "నాకు మొదటినుంచీ అనుమానమేనండీ," అన్నారు. స్పీకరు పెట్టి ఉందని ఆయనకు తెలియదు.

స్తంభాన్ని అంచు నుంచి బాగా లోపలికి జరిపి కొత్త డ్రాయింగు ఇచ్చాను. పండితుడు వచ్చి, కొలిచి, ఇదీ నైరుతేనన్నాడు. యజమాని ఆయన కాళ్ళకు మొక్కాడు. ఆ నెలాఖరుకు నేను ఉద్యోగం మానేశాను. వీడ్కోలు రోజున మా సార్ నా నిజాయితీ గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చారు. వినకుండానే ఇంటికి నడిచాను.