మా వాకిట్లో ఫ్రెంచి పాఠం

నా చిన్నప్పుడు సాయంత్రమైతే మా వాకిట్లో ఫ్రెంచి వినపడేది. ఈ మాట చెబితే మా అమ్మాయి నమ్మదు. మార్కులు బాగా పడతాయని ఇంటర్లో సెకండ్ లాంగ్వేజి ఫ్రెంచి తీసుకుని, స్నేహితురాళ్లతో కలిసి వరండాలో "బోంజూర్, సా వా" అంటూ వల్లెవేసే పిల్ల అది. ఆ మాటలు తనకన్నా ముందు బొగ్గు గని నుంచి వచ్చిన మనుషులు పలికారంటే నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. నేను చూసిందే చెబుతున్నాను.

కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్లలో ఉండేది మా ఇల్లు. మా నాయన దమ్మపేట వైపు అడవి అంచున ఉన్న మా తండా నుంచి వచ్చి పనిలో చేరాడు. గని అనే మాట మాకు పుస్తకాల్లోనే కనపడేది, ఇంట్లో బాయి అనేవాళ్లం. ఆ బాయిలోకి అప్పట్లో బొగ్గు తీసే కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. దాన్ని నేర్పడానికి ఫ్రాన్సు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. మనిషే పొడుగు, టోపీ పెట్టుకుంటే ఇంకా పొడుగు. ఆయనకు తెలుగు రాదు, మా వాళ్లకు ఆయన మాట రాదు. హైదరాబాద్ నుంచి ఒక దుబాసీని తెప్పించారు గానీ, చీకట్లో పనిచేసే ప్రతి మనిషి పక్కనా ఆయన నిలబడలేడు కదా.

అందుకని మా పక్కింటి తాత పూనుకున్నాడు. ఆయన బాయిలో సర్దార్. లోపల పనిచేసే జట్టు క్షేమం చూసుకోవడం ఆయన ఉద్యోగం. పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, కింద మనిషి నిలబడొచ్చో లేదో చెప్పేది ఆయనే. రోజూ దుబాసీని పట్టుకుని కొన్ని మాటలు నేర్చుకునేవాడు. షిఫ్టు దిగి స్నానాలు చేశాక, మా నాయన జట్టు మొత్తాన్ని మా వాకిట్లో కూర్చోబెట్టి అవే చెప్పేవాడు. బోంజూర్ అంటే దండాలు. సా వా అంటే మంచిగున్నవా. మెర్సీ అంటే నీ మేలు మరువను. ఆ దుమేఁ అంటే రేపు కలుద్దాం. దూస్మాఁ అంటే మెల్లగ. అతాన్సియోఁ అంటే పైలం, జాగ్రత్త అని. ఆ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి తాత గొంతు మారిపోయేది.

"తక్కినయి మరిచినా పర్వాలే. గిది మాత్రం మరువొద్దు" అనేవాడు.

అట్లాగని పాఠం బరువుగా ఏమీ నడిచేది కాదు. చాయ్ ఇచ్చినా మెర్సీ, బీడీకి నిప్పు ఇచ్చినా మెర్సీ. జట్టులో ఒకాయన ఆ ఊపులో, అన్నం వడ్డించిన భార్యతో కూడా మెర్సీ అన్నాడట. ఆమె గరిటె కింద పెట్టి, ఆ మెర్సీ ఎవరో చెప్పేదాకా కూర వెయ్యనని భీష్మించుకుని కూర్చుందట. మర్నాడు ఆయన ఆ కథ చెబుతుంటే మా నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అటుగా పోయేవాళ్లు సైకిళ్లు ఆపి మరీ చూసేవాళ్లు.

నేర్చుకునే తీరు మాత్రం బాయిదే. లోపల మందుగుండు పేల్చే ముందు జట్టు వాళ్లు సొరంగం పొడవునా దూరదూరంగా ఉంటారు. సర్దార్ కేక వేస్తే మొదటి మనిషి అందుకుని పక్కవాడికి, ఆ పక్కవాడు అవతలివాడికి, అట్లా చివరిదాకా అందించాలి. మధ్యలో ఏ ఒక్కడు మింగేసినా అవతల ఉన్నవాళ్లకు సంగతి తెలియదు. వాకిట్లోనూ తాత వాళ్లను గోడ పొడవునా వరుసగా కూర్చోబెట్టి, ఈ చివర ఒక ఫ్రెంచి మాట వదిలేవాడు. వంకరగా పలికినా ఫరవాలేదు, గట్టిగా పలికి పక్కవాడికి అందించాలి. అవతలివాడి పలుకు విని ఎవరైనా నవ్వారో, మాట మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే. కథలు చెప్పుకుని ఎంతైనా నవ్వుకోవచ్చు గానీ, వరుసలో నడుస్తున్న మాటకు నవ్వకూడదు.

నేను గడప మీద కూర్చుని ఇదంతా చూసేదాన్ని. అప్పటికి నేను బడిలో నోరు విప్పడం మానేసి చాలా రోజులైంది. ఇంట్లో మాది తండా భాష. తెలుగు మాట్లాడితే మాట చివర కొంచెం సాగేది. అమ్మకూ సాగేది, నాయనకూ సాగేది, అది సాగుడని కూడా నాకు తెలియదు. ఒకరోజు నేను లేచి పాఠం చదువుతుంటే క్లాసు క్లాసంతా నా వెంబడి సాగదీసి చదివింది. తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి సారు ఏం అడిగినా నేలచూపులే. సారు చెడ్డవాడు కాదు. బుజ్జగించాడు, గద్దించాడు, చివరికి మా నాయనను పిలిపించాడు.

"పరీక్షలప్పుడు పెద్దసారు ముందర పాఠం చదివి వినిపియ్యాలె. నోరు తెరువకుంటె గీ పిల్లను పై క్లాసుకు పంపలేను" అని చెప్పేశాడు.

నాయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాడు. తర్వాత అమ్మతో, చదువు అబ్బకపోతే తండాకు పోయి నానమ్మ దగ్గర మేకలు కాసుకుంటుందిలే అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. మేకలంటే నాకు ఇష్టమే గానీ చదువంటే ప్రాణం. మనసులో చదువుకుంటే ఒక్క అక్షరం తప్పేదాన్ని కాదు. పైకి చదవమంటేనే వెనక బెంచీల సాగుడు చెవుల్లో మోగేది.

క్వార్టర్ల గోడలు పలచన. ఆ మాటలు పక్కింటి తాతకు వినపడే ఉంటాయి. మర్నాడు సాయంత్రం పాఠం మొదలుపెట్టబోతూ ఆయన వరుస వంక చూసి, "ఏంది, ఒక మనిషి తక్కువైండు? బిడ్డా, నువ్వొచ్చి నడుమ కూసో" అన్నాడు.

నేను తల అడ్డంగా ఊపాను.

"నడుమ జాగ ఖాళీగ ఉంటె మాట ఎట్ల దాటుతది? నీకు రాదు, మాకూ రాదు. జల్దీ రా."

వెళ్లి కూర్చున్నాను. మాట ఒక్కొక్కరినీ దాటుకుంటూ నా దాకా వచ్చింది. పలికాను. ఎవరూ నవ్వలేదు. నవ్వడం మాట అటుంచి, ఎవరూ నా వైపు చూడను కూడా లేదు. ఎవరి వంతు కోసం వాళ్లు చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. ఫ్రెంచిలో అందరమూ తప్పులవాళ్లమే కాబట్టి నాకు సిగ్గు వేయలేదు. రోజూ అట్లాగే సాగింది. నాయన కన్నా నా పలుకే మేలని తాత అంటే, నాయన ఒప్పుకోనట్టే ఒప్పుకున్నాడు. బడిలో మాత్రం నా నోరు ఎప్పటిలాగే మూతపడి ఉంది. నా గొడవ ఫ్రెంచితో కాదు కదా, తెలుగుతో.

ఒక ఆదివారం ఆ ఇంజనీరే మా వాకిట్లోకి వచ్చాడు. తాత పిలిచాడట. కుర్చీ వేస్తే వద్దన్నాడు. బాసింపట్టు వేసుకోవడం రాక, వరుస చివర గోడకు ఆనుకుని పొడుగాటి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. తాను నేర్పడానికి కాదు, నేర్చుకోవడానికి వస్తున్నానని దుబాసీతో ముందే చెప్పించాడట. బాయిలోకి దిగే మనుషులు ఒకరికొకరు చెప్పుకునే మాట తనకూ కావాలట. ఆ రోజు తాత నన్ను నడుమ నుంచి లేపి చివరికి జరిపాడు. ఎందుకని నేను అడగలేదు. ఈ చివర తాను కూర్చుని, ఎప్పుడూ ఫ్రెంచి వదిలే చోట తెలుగు మాట వదిలాడు.

"పైలంగ పోయిరా."

షిఫ్టుకు పోయే ప్రతి మనిషికీ గుమ్మంలో నిలబడి ఇంటివాళ్లు చెప్పే మాట అది. ఒక్కొక్కరే అందుకుని పక్కకు అందించారు. మధిర నుంచి వచ్చినాయన పలుకు ఒక తీరు, మిగతావాళ్లది ఒక తీరు. నాయన నా వైపు తిరిగి, చివర సాగదీస్తూ, మా తండా తీరులోనే అన్నాడు. ఇక నా వంతు. నా అవతల ఆ ఇంజనీరు ఒక్కడే ఉన్నాడని అప్పుడు చూసుకున్నాను.

నోరు పెగల్లేదు. బడి, బెంచీలు, వెనక నుంచి వచ్చే సాగుడు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. నాయన ఉండబట్టలేక మళ్లీ అందించబోతే తాత చెయ్యెత్తి ఆపాడు. ఇంజనీరు మాత్రం నా వైపు చెవి వంచి, తొందరేమీ లేకుండా కూర్చున్నాడు. ఆయనకు ఆ మాట కావాలి. అది ఇప్పుడు నా దగ్గర ఉంది. నేను మింగేస్తే ఆయనకు అందదు. ఆ సంగతి తోచగానే నా సిగ్గు నాకే చిన్నదైపోయింది.

"పైలంగ పోయిరా" అన్నాను. గట్టిగానే అన్నాను. చివర ఎప్పటిలాగే సాగింది.

ఆయనా అన్నాడు. కొంచెం ముక్కుతో పలికినా, చివర మాత్రం అచ్చం నేను సాగదీసినట్టే సాగదీశాడు. ఇంకోసారి అన్నాడు, మళ్లీ అట్లాగే. ఆయనకు తెలుగంటే అదే మరి. నా నోటి నుంచి వచ్చిందే తెలుగు. వరుసలో ఎవరూ నవ్వలేదు. చెమట పట్టే వేళ కాకపోయినా మా నాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఇంజనీరు ఇక్కడ ఉన్నన్నాళ్లూ, బాయిలోకి దిగే ప్రతి జట్టుకూ ఆ మాట చెప్పాడు. ఆఫీసర్లు, గుమాస్తాలు, అందరూ ఆయన నోట మా తండా సాగుడు విన్నారు. నాయన ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా, "ఇయ్యాల గూడ నీ మాటే అన్నడు బిడ్డా" అని చెప్పేవాడు. రోజూ చెప్పినా నాకు కొత్తగానే ఉండేది.

పరీక్షలకు పెద్దసారు మా క్లాసుకు వచ్చిన రోజు లేచి పాఠం చదివాను. వెనక బెంచీలో ఒకరిద్దరు సాగదీశారు. వాళ్లను సాగదీసుకోనిచ్చి పుట చివరిదాకా చదివేశాను. పై క్లాసుకు పోయాను. ఆ పై క్లాసుకూ పోయాను. ఇప్పుడు సర్కారు బడిలో పిల్లలకు తెలుగు చెబుతున్నాను. అవును, తెలుగే. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఏనుగెక్కినంత గర్వంగా ఉంది, ఎందుకు దాచాలి?

వరుసలో అప్పుడు మనిషేమీ తక్కువ కాలేదని నాకు ఉద్యోగం వచ్చాక తెలిసింది. మెర్సీ కథ చెప్పినాయన, తాత అడిగితే, నాకోసం తన జాగా ఖాళీ చేశాడట. రోజూ తాత వాళ్ల కిటికీ వెనక కూర్చుని, మా మాటలు వింటూ, తనలో తాను గొణుక్కుంటూ నేర్చుకున్నాడట. ఆయన్ను అడిగితే, "నాకేం తక్కువైంది? చాయ్ గా ఇంట్లనే కాగేది గద, అందరికన్న ముందు నాకే అందేది" అని నవ్వేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

నా యాస పోలేదు. పోగొట్టుకోవాలని ఆ రోజు తర్వాత ఎప్పుడూ అనిపించలేదు. నా క్లాసుకు అడవి పల్లెల పిల్లలు వస్తారు. ఒక్కో ఇంట్లో ఒక్కో భాష. పాఠం చదవమంటే కొందరు లేచి, నేల చూస్తూ నిలబడిపోతారు. నేను అందించను, కూర్చోమననూ అనను. ఆ పిల్ల వైపు చెవి వంచి ఆగుతాను. బెల్లు మోగుతుంది, పక్క క్లాసు పిల్లలు పళ్లాలు పట్టుకుని అన్నానికి పరుగెత్తుతారు, నేను ఆగుతాను. ఆ మాట నాకు కావాలని, తన దగ్గర తప్ప నాకు ఇంకెక్కడా దొరకదని ఆ పిల్లకు తెలిసేదాకా ఆగుతాను.