పదో అచ్చు

వెంకటేశ్వరమ్మ మా డెంటల్ కాలేజీలో కట్టుడుపళ్ళ విభాగానికి ఆయమ్మ. మొగుడు పోయాక కొన్నాళ్ళు గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసి, తర్వాత మా కాలేజీలో పనికి చేరింది. ఇరవై ఏళ్ళుగా రోగులు కూర్చునే కుర్చీలు తుడిచింది, వాళ్ళు ఉమ్మిన తొట్లు కడిగింది. ఆమె పేరేమిటో మాలో ఎవరికీ తెలియదు. నాకూ అవసరం పడ్డాకే తెలిసింది, సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

నేను డాక్టరునయింది ఆమె పుణ్యాన. ఈ మాట మా నాన్న ముందు కూడా అన్నాను, ఆయన నొచ్చుకోలేదు.

మూడో ఏడాదిలో మేం ఒకరి నోట్లో ఒకరం నీళ్ళతో కలిపిన మెత్తటి మందు ముద్ద పెట్టి పళ్ళ అచ్చులు తీయడం నేర్చుకోవాలి. పది అచ్చులకు సార్ సంతకం ఉంటేనే పరీక్ష. ఒక ఆదివారం నేను ప్రత్తిపాడులో మా ఇంటికి వెళ్ళి, అమ్మతోపాటు మిరప కల్లంలో పనికిరాని తాలుకాయలు ఏరి, సోమవారం మొదటి బస్సుకు వచ్చేశాను. మిరప ఘాటు సబ్బుకు లొంగదు, ముందు చేతులకు నూనె రాయాలి. మిరపచేలో పుట్టిన నాకు అది తెలియక కాదు, హడావిడిలో మరిచాను. పైగా ముద్దను తడివేలితో నున్నగా చేద్దామని గ్లౌజు తీసేశాను. ఆ ముద్దను తీసుకెళ్ళి మా క్లాసు తేజశ్రీ నోట్లో పెట్టాను.

పాపం, ఆ పిల్ల మూతి కందిపోయింది, కళ్ళవెంట ధారలు. మా క్లాసులో సగం మంది కార్లలో వచ్చే డాక్టర్ల పిల్లలే. పొలం నుంచి వచ్చిన చేతుల్ని వాళ్ళు ముందునుంచీ అదోలా చూసేవాళ్ళు. ఆ చూపుకి నేనే ఒక కారణం అందించాను. నాకు ‘కారప్పొడి’ అని పేరు పెట్టారు. ఆ తర్వాత నా ముందు ఎవరూ నోరు తెరవలేదు.

మూడు వారాలు గడిచినా రికార్డులో ఒక్క సంతకం లేదు. చదువు మానేసి ఇంటికెళ్ళిపోదామని బట్టలు సర్దుకుని, ల్యాబ్‌లో నా సామాను తీసుకుంటూ ఏడుస్తుంటే వెంకటేశ్వరమ్మ చూసింది. సంగతంతా రాబట్టింది. చీపురు గోడకి ఆనించి, నా ఎదుట రోగుల కుర్చీలో కూర్చుంది.

“ఇరవై ఏళ్ళ నుంచి తుడుస్తున్నానమ్మా దీన్ని, ఒక్కసారీ కూర్చోలేదు. కానివ్వు,” అంది.

సార్ గొణుగుతూనే ఒప్పుకున్నారు. రోజుకొక అచ్చు. మొదటి రోజు ముద్ద పల్చనై గొంతులోకి జారితే ఆమెకు డోకు వచ్చినంత పనైంది. మూతి తుడుచుకుని, నీళ్ళు తగ్గించి కలపమని నాకే నేర్పింది. ఇన్నేళ్ళూ డాక్టర్లకు ముద్ద కలిపిచ్చీ కలిపిచ్చీ ఆ పనిలో మా అందరికంటే ఆమెకే చెయ్యి తిరిగింది. అలా తొమ్మిది అచ్చులయ్యాయి.

పదో రోజు కూర్చోనంది.

“ఈ ఒక్కటీ తేజశ్రీ పాపనడుగు. నా నోటితో పాసవుతావు గానీ, వీళ్ళలో కలవవు.”

ఒళ్ళు మండిపోయింది నాకు. ఒడ్డు దాకా తెచ్చి చెయ్యి వదిలేస్తుందా అని నానా మాటలూ అన్నాను. ఆమె బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

వేరే దారిలేక క్యాంటీన్‌లో తేజశ్రీ ముందుకెళ్ళి నిలబడ్డాను. ఇన్నాళ్ళూ వాళ్ళ మీద కోపం పెంచుకున్నానే గానీ, ఆ పిల్లకు ఒక్కసారైనా సారీ చెప్పలేదని అప్పుడు తట్టింది. చెప్పాను. అడిగాను. ఆమె టీ గ్లాసు పక్కనపెట్టి, నాతో వచ్చి కుర్చీలో కూర్చుంది. భయపడుతూనే నోరు తెరిచింది. అచ్చు శుభ్రంగా వచ్చింది. సార్ సంతకం పెట్టారు.

నేను రికార్డు మూస్తుంటే తేజశ్రీ అంది, “నాకింకా రెండు మిగిలాయే. నువ్వు కూర్చుంటావా?”

ఆ కాలేజీలో నన్నొకరు అడగడం అదే మొదలు. కూర్చున్నాను. నోటినిండా ముద్ద ఉన్నప్పుడు ఏడిస్తే ఊపిరాడదు. అచ్చు గట్టిపడేదాకా ఎలాగో ఆపుకున్నాను.