స్పెయిన్‌లో పుట్టని బాణీ

ఒక పేరు పదమూడేళ్లుగా నా గొంతులో ముల్లులా ఉంది. అన్నం తినేటప్పుడు గుచ్చుకుంటుంది. పాఠం చెప్పేటప్పుడు గుచ్చుకుంటుంది. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేకనే మీకు చెబుతున్నాను.

నేను కరీంనగర్‌లో గిటార్ నేర్పుతాను. సినిమా పాటలు కాదు, స్పెయిన్ స్వరకర్తలు రాసిన శాస్త్రీయ సంగీతం. ఈ ఊళ్లో దానికోసం వచ్చేదెవరు? అందుకే రాజేశం వచ్చినప్పుడు సంబరపడ్డాను. సిరిసిల్లలో సాంచెలు నడిపే మనిషి, అంటే మరమగ్గాల కార్మికుడు. నాకంటే రెండేళ్లు పెద్ద, అయినా సార్ అనేవాడు. సెలవు రోజున బస్సెక్కి వచ్చేవాడు. స్వరలిపి చదవడం రాదు. నేను వాయిస్తే విని పట్టుకునేవాడు. ఒకే తీగను మూడు వేళ్లతో గబగబా మీటుతూ, బొటనవేలితో మంద్రంలో మరో వరస నడిపే పద్ధతి ఒకటుంది. అది నాకు రావడానికి నాలుగేళ్లు పట్టింది. తెగిన పోగులు అతికీ అతికీ ఆరితేరిన అతని వేళ్లకు ఆరు నెలల్లో వచ్చేసింది. పైకి మెచ్చుకున్నాను. లోపల మాత్రం కళ్లల్లో కారం కొట్టినట్టయింది.

ఒక ఆదివారం అతను నేను నేర్పనిది వాయించాడు. బొటనవేలు సాంచె చప్పుడులా ఆగకుండా నడుస్తోంది. దాని పైన బాణీ ఎవరినో బుజ్జగిస్తున్నట్టు సాగింది. ఎవరిదని అడిగాను.

“నేనే కట్టిన సార్. మంచిగున్నదా?”

బాగుంది అంటే నా సొమ్మేం పోయేది? ఇరవై ఏళ్లుగా గిటార్ పట్టుకుని సొంతంగా నాలుగు వరసలు కట్టలేకపోయాను. ఎన్ని కాగితాలు చించానో.

“గిది నీది కాదు రాజేశం. స్పెయిన్ల ఒకాయన ఎన్నడో రాసిండు. యాడనో విని మర్చిపోయినవ్.”

“నేనేడ వినలే సార్. సాంచెలకాడ పోగు అతుకుతుంటె వచ్చింది.”

“గట్లనే అనిపిస్తది.”

గిటార్ పక్కన పెట్టాడు. “ఆయన పేరేంది సార్?”

ఎదురుగా అరలో నా పుస్తకాలు కనబడ్డాయి. ఒక స్వరకర్త పేరులో సగం, ఇంకొకరి పేరులో సగం కలిపి చెప్పేశాను. రాజేశం వెంటనే చెవి పట్టుకున్నాడు. హిందుస్తానీ సంగీతంలో ఉస్తాదుల పేరెత్తితే అలా చెవి తాకడం మర్యాద. అది అతనికి నేర్పింది నేనే.

“నా ఇజ్జత్ కాపాడిన్రు సార్. నాదని చెప్పుకుంట తిరిగితే దొంగనయ్యేటోన్ని.”

ఆ తర్వాత రాజేశం ఏదీ కట్టలేదు. ఏదైనా వరస మనసులో మెదిలితే, ఇదీ ఎవరిదో అయ్యుంటుందని వదిలేస్తున్నానని నాతోనే చెప్పాడు, నవ్వుతూ. నేనూ నవ్వాను. అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? అసూయ అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. కానీ స్పెయిన్‌వాళ్లు తప్ప ఇంకెవరూ ఆ తీగల మీద కొత్తది కట్టలేరని నమ్మి, ఆ నమ్మకం చాటున నా చేతగానితనాన్ని దాచుకుని బతికాను. పక్క ఊరి మనిషి వచ్చి ఆ చాటు కాస్తా లాగేశాడు. అందుకే కడుపు మండింది. ఇంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

పోయిన నెల వేములవాడలో ఒక బడి వార్షికోత్సవం జరిగితే, రాజేశం పిలిచాడని వెళ్లాను. రాజేశం కూతురు అదే బాణీ వాయించింది. మొదలుపెట్టేముందు చెవి పట్టుకుని, మైకులో ఆ లేనివాడి పేరు చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బయటికొచ్చాక రాజేశం నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

“ఆయనయి ఇంకేమన్న బాణీలు దొరికినయా సార్? ఫోన్ల ఎంత దేవులాడినా గా పేరే లేదు. పాపం, గంత పెద్దమనిషిని లోకం మర్చిపోయింది.”

“దొరకలే,” అన్నాను.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నిజం చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఆ ఒక్క బాణీ అతనికి తిరిగొస్తుంది సరే. కట్టకుండా వదిలేసినవి ఎక్కణ్ణుంచి తేగలను? సిరిసిల్ల బస్సు ఎక్కుతానో లేదో తెలియదు. క్షమించమని అడిగే మొహం లేదు. కనీసం ఉన్నది ఉన్నట్టు ఒక్కచోటైనా రాయాలి కదా.

స్పెయిన్‌లో ఆ పేరుగల స్వరకర్త ఎవరూ లేరు. ఆ బాణీ కట్టింది సిరిసిల్ల రాజేశం.

ఇది రాశాక గొంతులో ముల్లు కాస్త కదిలింది. అతని పేరు రాస్తున్నప్పుడు, నాకు తెలియకుండానే నా ఎడమ చెయ్యి చెవి మీదికి పోయింది.