నాలుగు దారుల కూడలిలో రాజుగారి రెండో అమ్మాయి

ఆరో తరగతితో చదువు మానేసిన నాకు అమెరికాలో దొరికిన మొదటి పదవి రథసారథ్యం. జీతం మాత్రం లేదు.

అరోరా అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ పైఅంతస్తులో ఒక డాక్టరుగారి భార్య ఉండేవారు. మా ప్రాంతపు రాజుగారి రెండో అమ్మాయి. మా అమ్మ వాళ్ళ కోటలో వంటమనిషి. రాజ్యం పోయి ముప్ఫై ఏళ్ళు దాటినా ఆవిడ నా కారులో వెనకసీట్లోనే కూర్చునేవారు. మంచు కురుస్తున్నా సరే, నేను వెళ్ళి తలుపు తీస్తేనే దిగేవారు.

ఎనభై మూడులో నాకు బేకరీలో ఉద్యోగం వచ్చింది, సోమవారం నుంచి రమ్మన్నారు. శుక్రవారం ఆవిడ డ్రైవింగ్ టెస్ట్. ఆవిడ అందులో తప్పితే వాళ్ళ పాపను బడిలో దింపే దిక్కు నేనే. నా ఉద్యోగం గోవిందా. అప్పటికే ఆవిడ రెండుసార్లు తప్పారు.

రెండుసార్లూ ఒకటే తప్పు. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలిలో ముందొచ్చిన కారు ముందు వెళ్ళాలి. ఈవిడ ఠీవిగా ఆగి, ఎవరినీ చూడకుండా బయల్దేరేవారు. ఆ వారమంతా నా కారులోనే నేర్పించాను, అయినా అదే వరస.

“ముందు ఆ ట్రక్ వచ్చిందండీ.”

“వస్తే? మా వీధిలో నేను దాటేదాకా ఎడ్లబండి కూడా కదిలేది కాదు.”

“ఆ ఎడ్లకి మీరెవరో తెలుసు చిన్నమ్మగారూ. ఈ ట్రక్‌వాడికి తెలీదు.”

“అచ్చం మీ అమ్మవే. పులుసులో ఉప్పెక్కువైందంటే నా నాలుకదే తప్పనేది.”

గురువారం సాయంత్రం పదకొండోసారి అదే కూడలి. నా ఓపిక అయిపోయింది. “అసలు కోటలో మీకంటే ముందు నడిచినవాళ్ళే లేరా?” అన్నాను.

“అక్కయ్య,” అన్నారు.

గుమ్మమైనా, బండైనా, భోజనానికి పీటైనా పెద్దమ్మాయి తరవాతే రెండో అమ్మాయి. ఒక పండక్కి అక్కయ్య జ్వరంతో లేవలేదని ఈవిడ కొత్త పరికిణీ నాలుగు రోజులు పెట్టెలోనే ఉందట. అది చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో రాజసం లేదు.

“అయితే ముందొచ్చిన ప్రతి కారూ అక్కయ్యగారిదే అనుకోండి.”

“ఈ ఊళ్ళో ఇంతమంది అక్కయ్యలా,” అని నిట్టూర్చారు.

శుక్రవారం పాసయ్యారు. బయటికొచ్చి, తాళాలు నా చేతిలో పెట్టి, వెనకసీట్లో కూర్చున్నారు.

“ఇదేమిటండీ?”

“లైసెన్స్ వచ్చింది కదే. ఇంక నేను నడపడమెందుకు?”

అవతలి తలుపు తీసి నేనూ ఆవిడ పక్కనే కూర్చున్నాను. డ్రైవింగ్ నేర్పేటప్పుడు తప్ప, మా ఇంటావంటా ఆ కుటుంబం సరసన కూర్చున్నవాళ్ళు లేరు. ఇద్దరం ఖాళీ స్టీరింగ్ వైపు చూస్తూ కూర్చున్నాం. చివరికి ఆవిడే గొణుక్కుంటూ తాళాలు లాక్కుని, దిగి ముందుకెళ్ళారు. నేను దిగలేదు.

కూడలి వచ్చింది. ఆగారు. మూడు కార్లు వెళ్ళాయి, నాలుగోదీ వెళ్ళింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

“ఇంకా ఎంతమందండీ?”

“ఉండవే. ఆ నీలం కారు ఆవిడ మరీ మా అక్కయ్యలా చూస్తోంది.”